మసక వెలుగు, వెయ్యి వోల్టుల గొట్టం

సరోజినీ నగర్ అంటే నేటి ఢిల్లీ విద్యార్థులకు చవకగా దుస్తులు దొరికే బజారు. ఒక తరం వెనక్కు వెళితే అది ప్రధానంగా కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్ల పేట. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు పేరు పెట్టుకున్న ఆ పేటలో తెలుగు కుటుంబాలూ ఉండేవి. అలాంటి ఒక ఇంట్లో, రాత్రి తొమ్మిది దాటాక, రేడియోలో విజయవాడ కేంద్రాన్ని పట్టుకోవడం మాకు రోజూ ఒక తపస్సు. మాట సన్నగా వినిపించేది. దాని చుట్టూ సముద్రపు హోరులాంటి రొద. నేను ఆత్రంగా నాబ్ తిప్పి శబ్దం పెంచేవాణ్ణి. నాన్నగారు పడక కుర్చీలోంచే విసుక్కునేవారు: "ఊరికే పెంచకురా. మాటతోపాటు గోలా పెరుగుతుంది. ముందు ఏరియల్ సంగతి చూడు!"

ఆ మాట చాలా ఏళ్ళ తరువాత మరో సందర్భంలో గుర్తుకు వచ్చింది. సరోజినీ నగర్‌కు దక్షిణంగా రింగ్ రోడ్డు దాటి కొంచెం తూర్పుకు నడిస్తే సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ సైన్యం కోసం కట్టిన ఆస్పత్రి అది. దాని పక్కనే, అరబిందో మార్గానికి ఆవల, 1956లో ఏర్పడిన ఎయిమ్స్. అలాంటి పెద్ద ఆస్పత్రుల ప్రయోగశాలల్లో ఫ్లో సైటోమీటర్ అనే పరికరం ఉంటుంది. రక్తంలోని కణాలను ఒకదాని వెనుక ఒకటిగా బారు తీర్చి, లేసర్ కిరణం ముందు నడిపించి, ఒక్కొక్క కణం ఎంత వెలుగు చిమ్మిందో కొలిచే యంత్రం ఇది. దాని తెరమీద ఒక మూల కొన్ని అంకెలు కనిపిస్తాయి: 450, 520, 610... అవి వోల్టులు. ఒక్కొక్క రంగు వెలుగును కొలిచే ఒక్కొక్క గొట్టానికి ఇచ్చిన వోల్టేజీ. దీన్ని పెంచితే ఏమవుతుంది? తగ్గిస్తే ఏమవుతుంది? ఎంత ఉంచాలి? చూడడానికి చిన్న ప్రశ్న. దీనికి తృప్తికరమైన సమాధానం దొరకడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఆ కథే ఇది.

పెళ్ళి పిలుపు లెక్క

ఆ గొట్టం పేరు ఫోటో మల్టిప్లయర్ ట్యూబు. తెలుగులో కాంతి గుణక నాళం అనవచ్చు. మనం గొట్టం అనే అనుకుందాం. దాని పనికి ఆధారం రెండు దృగ్విషయాలు. మొదటిది మీ పాఠ్యపుస్తకాల్లోని కాంతి విద్యుత్ ఫలితం. కొన్ని లోహాల మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయని 1887లో హెర్ట్జ్ ప్రయోగాలతో మొదలై తెలిసివచ్చింది. ఎందుకు వస్తాయో 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. రెండవది అంతగా పేరు లేనిది: ద్వితీయ ఉద్గారం. వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్ ఒకటి లోహపు పలకను గుద్దుకుంటే, ఆ పలకలోంచి మరికొన్ని ఎలక్ట్రాన్లు బయటికి చిందుతాయి. ఇది 1902 నాటికే తెలుసు.

ఈ రెండింటినీ ఒకే గాజు గొట్టంలో కలపాలన్న ఆలోచనను సోవియట్ శాస్త్రజ్ఞుడు కుబెట్‌స్కీ 1930లో ప్రతిపాదించాడు. అమెరికాలో ఆర్.సి.ఎ. కంపెనీలో పనిచేస్తున్న జ్వోరికిన్ 1936లో తన సహచరులతో కలిసి పలు అంచెల గొట్టాన్ని వర్ణించాడు. టెలివిజన్ చరిత్రలో వినిపించే జ్వోరికిన్ ఇతడే. మొదటి గొట్టాల్లో ఎలక్ట్రాన్ల దారి మళ్ళించడానికి అయస్కాంతం కావలసి వచ్చేది. 1939లో రైక్‌మన్‌తో కలిసి ఆ బెడద కూడా తొలగించాడు. ఆ తరువాత వచ్చిన తొమ్మిది అంచెల 931 రకం గొట్టం ఎంత చక్కగా కుదిరిందంటే, దాని వారసులు నేటికీ పరికరాల్లో పనిచేస్తున్నాయి.

గొట్టం లోపల జరిగేది మన పెళ్ళి పిలుపులాంటిది. ఒకరిని పిలిస్తే నలుగురిని వెంటబెట్టుకు వచ్చారనుకోండి. ఆ నలుగురూ తలా నలుగురిని తెచ్చారనుకోండి. కాంతి పడిన మొదటి పలక, అంటే ఫోటో కాథోడ్, ఒక ఎలక్ట్రాన్‌ను విడుదల చేస్తుంది. అది డైనోడ్ అనే పలక మీద పడి నాలుగింటిని లేపుతుంది. అవి రెండవ డైనోడ్ మీద పడి పదహారును, మూడవ దాని మీద అరవై నాలుగును... ఇలా పది అంచెలు దాటేసరికి ఒక ఎలక్ట్రాన్ పది లక్షలకు పైగా అవుతుంది. ఈ రెట్టింపుల మొత్తాన్ని వర్ధనం అందాం.

ఇక్కడే వోల్టేజీ ప్రవేశిస్తుంది. ఒక డైనోడ్ నుంచి మరొక డైనోడ్‌కు ఎలక్ట్రాన్‌ను వేగంగా లాగేది వోల్టేజీయే. అది పెరిగితే గుద్దుడు బలపడుతుంది, చిందే ఎలక్ట్రాన్లు పెరుగుతాయి. ప్రతి అంచెలోనూ ఆ పెరుగుదల కొంచెమే. కాని అంచెలు తొమ్మిది. ఒక్కొక్క అంచెలోని కొంచెం తరువాతి అంచెల కొంచెంతో గుణించబడుతుంది. అందువల్ల ఇలాంటి గొట్టంలో వర్ధనం ఇంచుమించు వోల్టేజీ ఏడవ ఘాతాన్ని అనుసరిస్తుంది. వోల్టేజీ రెట్టింపు చేస్తే వర్ధనం రెండు రెట్లు కాదు, 128 రెట్లు. 500 వోల్టులను 550 చేయండి. పదిశాతమే పెంచారు. వర్ధనం దాదాపు రెట్టింపవుతుంది! రేడియో నాబ్‌లాగా అలవోకగా తిప్పే మర కాదిది.

మరో సంగతి కూడా ఇప్పుడే చెప్పుకోవాలి. ఫోటో కాథోడ్ మీద పడిన ప్రతి ఫోటానూ ఎలక్ట్రాన్‌ను లేపదు. సాధారణ గొట్టాల్లో, వాటికి బాగా అనువైన రంగు కాంతిలో కూడా, నాలుగైదు ఫోటాన్లకు ఒకటి లేస్తే గొప్ప. మిగిలిన వెలుగు వృథా. వోల్టేజీ ఎంత పెంచినా ఆ పోయిన ఫోటాన్లు తిరిగి రావు. ఎందుకంటే వోల్టేజీ పని మొదలయ్యేది ఎలక్ట్రాన్ పుట్టిన తరువాత.

రొదే పనికివచ్చిన రోజులు, నిశ్శబ్దమే వార్త అయిన గని

ఈ గొట్టానికి చీకట్లో కూడా కొంత అలజడి ఉంటుంది. కాంతి లేకపోయినా, గది వేడికే కాథోడ్ నుంచి అప్పుడొకటి అప్పుడొకటి ఎలక్ట్రాన్లు ఊడి వస్తూంటాయి. అవీ లక్షలుగా పెరిగి బయటికి వస్తాయి. విచిత్రమేమంటే రెండో ప్రపంచ యుద్ధంలో 931-ఎ గొట్టాలను వేల సంఖ్యలో కొన్నది ఈ రొద కోసమే. గొట్టంలో పుట్టిన రొదను పెద్దదిచేసి ప్రసారం చేస్తే శత్రువు రాడార్ తెర గందరగోళమవుతుంది. వెలుగును కొలవడానికి చేసిన గొట్టం శత్రువు కళ్ళు కప్పడానికి పనికివచ్చిందన్నమాట.

యుద్ధం ముగిసేలోపే, 1944లో, స్కాట్లండుకు చెందిన కరన్, అతని సహచరుడు బేకర్ అమెరికాలోని బర్కిలీలో ఈ గొట్టాన్ని ఒక మెరుపు పదార్థం పక్కన పెట్టారు. అణుకణం తగిలితే ఆ పదార్థం తళుక్కుమంటుంది. అంతకు పూర్వం రూథర్‌ఫర్డ్ శిష్యులు చీకటి గదిలో కూర్చుని కళ్ళు చికిలించి లెక్కపెట్టిన తళుకులవి. ఇప్పుడు గొట్టం లెక్కపెట్టసాగింది.

మన దేశంలో ఇలాంటి గొట్టాల అత్యంత ఆసక్తికరమైన కథ కోలార్ బంగారు గనుల్లో జరిగింది. కర్ణాటకలో ఉన్నా తెలుగు బాగా వినిపించే నేల అది. టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అక్కడ భూమిలోపలికి ఎంత లోతు వరకు విశ్వకిరణాలు చొచ్చుకుపోతాయో కొలుస్తూ వచ్చారు. 1960ల తొలినాళ్ళలో రెండున్నర కిలోమీటర్లకు పైగా లోతున పరికరం పెట్టి దాదాపు రెండు నెలలు కాచుకున్నారు. ఒక్క కణం కూడా నమోదు కాలేదు. మరొకరైతే నిరాశపడేవారే. వీరు మాత్రం అంతటి నిశ్శబ్దం ఉన్నచోట, భూగోళాన్నే దాటి వచ్చే న్యూట్రినోల జాడ పట్టవచ్చునని గ్రహించారు. జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులతో కలిసి ప్లాస్టిక్ మెరుపు పలకలూ ఫోటో మల్టిప్లయర్లూ అమర్చారు. 1965 ఆగస్టులో ఫలితం అచ్చయింది. రచయితల్లో ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్‌లతో పాటు పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం పేర్లు కనిపిస్తాయి. దక్షిణాఫ్రికా గనిలో ఇదే వేటలో ఉన్న రైన్స్ బృందం ఫలితం కూడా అదే నెలలో వెలువడింది.

గమనించవలసింది ఏమంటే, వారు గొట్టం రొదను వోల్టేజీతో జయించలేదు. రెండు వైపుల పలకలూ ఒకే క్షణంలో మెరిస్తేనే కణం వచ్చినట్టు లెక్క. ఒక గొట్టంలో వేడికి ఊడిన ఎలక్ట్రాన్, రెండవ గొట్టంలో సరిగ్గా అదే క్షణంలో ఊడడం అరుదు. రొదను తగ్గించలేనప్పుడు దాన్ని గుర్తుపట్టి పక్కకు తోసే ఉపాయం ఇది. రక్తకణాలను కొలిచేవారికి కూడా అలాంటి ఉపాయమే కావలసి వచ్చింది. అది దొరకడానికి మాత్రం ఆలస్యమైంది.

కణాల బారు

నడిచే ద్రవంలో కణాలను కాంతితో లెక్కపెట్టాలన్న ఆలోచన పాతదే. 1934లో మాంట్రియల్‌లోని మాల్డవన్ ఒక సన్నని గాజు నాళంలో కణాలను సూక్ష్మదర్శిని కింద పారించి, కాంతి విద్యుత్ ఘటంతో లెక్కించే పద్ధతిని "సైన్స్" పత్రికలో సూచించాడు. ఆనాటి ఘటానికి డైనోడ్లు లేవు. ఒక్క కణం కలిగించే చిన్న మార్పును పట్టుకోవడం దానికి శక్తికి మించిన పని. 1953లో కౌల్టర్ పేటెంటు పొందిన యంత్రం విజయవంతమైంది కాని, అది కాంతిని వాడలేదు. సన్నని రంధ్రంలోంచి కణం దూరినప్పుడు విద్యుత్ నిరోధం మారడాన్ని లెక్కించింది. అదే ఏడాది ఇంగ్లండులో క్రాస్‌లాండ్ టేలర్, కణాలున్న సన్నని ధార చుట్టూ మరొక శుభ్రమైన ధారను ప్రవహింపజేసి కణాలను సరిగ్గా మధ్య వరుసలో నడిపించాడు. నేటి యంత్రాల్లో కూడా కణాల బారు తీరేది ఆ పద్ధతిలోనే.

1965లో రెండు యంత్రాలు వచ్చాయి. ఐ.బి.ఎం. సంస్థలో కామెంట్‌స్కీ, గర్భాశయ ముఖ క్యాన్సర్ కణాలను త్వరగా ఏరడానికి అతినీలలోహిత కాంతితో కొలిచే పరికరం చేశాడు. లాస్ అలమాస్‌లో ఫుల్‌వైలర్, కణాలను బిందువుల్లో బంధించి, బిందువులకు విద్యుదావేశమిచ్చి, పక్కకు మళ్ళించి వేరుచేసే యంత్రం కట్టాడు. సిరా బిందువులతో గీతలు గీసే యంత్రం కోసం స్వీట్ కనిపెట్టిన ఉపాయాన్ని అతడు అరువు తెచ్చుకున్నాడు. ఫుల్‌వైలర్ కథలో ఒక ముచ్చట ఉంది. ఎర్ర రక్తకణాలను కొలిస్తే రెండు శిఖరాలున్న రేఖ వచ్చేది. ఎర్రకణాల్లో చిన్నవీ పెద్దవీ రెండు జాతులున్నాయని కొందరు నమ్మారు. అతడు ఒక శిఖరంలోని కణాలను వేరుచేసి మళ్ళీ కొలిచాడు. మళ్ళీ రెండు శిఖరాలే! తేడా కణాల్లో లేదు, రంధ్రంలోకి అవి అడ్డంగా దూరాయా నిలువుగా దూరాయా అన్నదాంట్లో ఉంది. యంత్రం గుణాన్ని ప్రకృతి గుణమని పొరబడడం ఎంత సులువో చూడండి.

వెలుగు కథ అసలు మలుపు తిరిగింది స్టాన్‌ఫర్డ్‌లో. హెర్జన్‌బర్గ్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో మెరిసే కణాలను లెక్కపెట్టి లెక్కపెట్టి విసిగిపోయాడు. లాస్ అలమాస్ యంత్రాన్ని చూసి, దానికి ప్రతిదీప్తి కొలత జోడించాలనుకున్నాడు. ప్రతిదీప్తి అంటే ఒక రంగు కాంతిని పీల్చుకుని మరొక రంగు కాంతిని వదలడం. 1969లో అతని బృందం పాదరసపు దీపంతో పనిచేసే యంత్రాన్ని, 1972లో ఆర్గాన్ లేసర్‌తో మెరుగుపరచిన యంత్రాన్ని వర్ణించింది. జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో గ్యోడె 1968లోనే ప్రతిదీప్తి ఆధారంగా తన యంత్రానికి పేటెంటు కోరాడు. ఎవరు ముందన్న తగవు మనకు అక్కరలేదు. అందరి యంత్రాల్లోనూ మసక వెలుగును పట్టిన కన్ను మాత్రం ఈ గొట్టమే.

1975లో కోలర్, మిల్‌స్టైన్ ఏక రకపు ప్రతిరక్షకాలను తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. దాంతో, కణం పైపొరలోని ఏ గుర్తుకు ఆ గుర్తు పట్టుకునే ప్రతిరక్షకాలు దొరికాయి. వాటికి మెరిసే రంగు తగిలించి రక్తంలో కలిపితే, ఆ గుర్తున్న కణాలే మెరుస్తాయి. గుర్తులకు సీడీ3, సీడీ4, సీడీ8 అని వరుస సంఖ్యలు వచ్చాయి. ఇక కొలవవలసింది ఒక్కటే: ఈ కణం ఎంత మెరిసింది? కణం లేసర్ ముందు ఉండేది కొన్ని మైక్రోసెకండ్లు మాత్రమే. మసక కణమైతే ఆ లిప్తపాటులో కాథోడ్ నుంచి లేచేవి పాతికో ముప్ఫయ్యో ఎలక్ట్రాన్లు.

మొదటి గడి అలవాటు

తొలినాటి యంత్రాల తెరమీద వెలుగును సంవర్గమాన కొలబద్దపై చూపేవారు: 1 నుంచి 10, 10 నుంచి 100, ఇలా 10,000 దాకా నాలుగు గడులు. రంగు కలపని కణాలు కూడా తమ సహజ రసాయనాల వల్ల కొంచెం మెరుస్తాయి. ఆ రంగులేని కణాలు మొదటి గడిలో పడేటట్టు వోల్టేజీ తిప్పడం ఒక అలవాటుగా స్థిరపడింది. బొమ్మ అందంగా వచ్చేది. రంగులేనివి ఎడమ మూల, రంగున్నవి కుడివైపు. గురువులు శిష్యులకు అలాగే నేర్పారు. ఎందుకని అడిగినవారు తక్కువ.

ఈ అలవాటులో ఉన్న పొరపాటు తెలియాలంటే మా నాన్నగారి మాటకు తిరిగి వెళ్ళాలి. ఆయన మాట సగం నిజం. రొదలు రెండు రకాలు. ఒకటి సంకేతంతో పాటే వచ్చేది. పాతిక ఎలక్ట్రాన్లు లేచే చోట ఒకసారి ఇరవయ్యే, మరోసారి ముప్ఫయ్యే లేస్తాయి. గణాంక శాస్త్రం ప్రకారం ఈ ఊగిసలాట సంఖ్య వర్గమూలమంత: 25కు 5, అంటే 20 శాతం. వోల్టేజీ పెంచితే ఇదీ సంకేతంతో సమానంగా పెరుగుతుంది. ఇక్కడ నాన్నగారు గెలిచారు. రెండవ రొద గొట్టం తరువాతి యాంప్లిఫయరులో, అంకెలుగా మార్చే వలయంలో పుట్టేది. గొట్టం వోల్టేజీకీ దానికీ సంబంధం లేదు. అది ఉన్నచోటే ఉంటుంది. వోల్టేజీ పెంచితే సంకేతం దాని తలమీదుగా పైకి లేస్తుంది. ఇక్కడ నాబ్ తిప్పిన కుర్రవాడు గెలిచాడు!

ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. పాతిక ఎలక్ట్రాన్ల మసక కణాలు 400 వోల్టుల దగ్గర తెరమీద 100 అంకె వద్ద పడ్డాయనుకోండి. వలయపు రొద 50 అనుకోండి. స్వతంత్రమైన రెండు రొదలను కలిపేటప్పుడు వాటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. 100లో 20 శాతం 20. దాని వర్గం 400, యాభై వర్గం 2,500. మొత్తం 2,900కు వర్గమూలం సుమారు 54. అంటే ఆ కణాలు 54 శాతం మేర అటూ ఇటూ చెదిరిపోయి కనిపిస్తాయి. 500 వోల్టులకు పెంచితే, ఏడవ ఘాతం లెక్క ప్రకారం, కణాలు 477 దగ్గరకు వస్తాయి. చెదురు సుమారు 23 శాతానికి దిగుతుంది. 600 దగ్గర కణాలు 1,709కి చేరతాయి. చెదురు 20 శాతానికి కాస్త పైన. 700 దగ్గర కూడా 20 శాతమే. ఇక వెయ్యి వోల్టులు ఇచ్చినా 20 కిందికి దిగదు. పాతిక ఎలక్ట్రాన్ల పేదరికం అది. దాన్ని తీర్చగలిగినవి మరింత బలమైన లేసర్, మెరుగైన కటకం, మంచి రంగు. అంటే, ఏరియల్!

అయితే 700 పెడితే తప్పేమిటి? అదే నమూనాలో ఈ మసక కణాలకంటే వంద రెట్లు మెరిసే కణాలు కూడా ఉన్నాయనుకోండి. 600 వోల్టుల దగ్గర అవి 1,70,900 వద్ద ఉంటాయి. 700 దగ్గర ఐదు లక్షలు దాటుతాయి. నేటి చాలా యంత్రాల కొలబద్ద 2,62,144 దగ్గర ముగుస్తుంది. దాన్ని దాటినవన్నీ గోడకు అతుక్కుపోయినట్టు చివరి గీత మీద పోగుపడతాయి. వాటిలో ఏది ఎక్కువ మెరిసిందో, ఏది తక్కువో ఇక చెప్పలేం. కాబట్టి చెదురు తగ్గడం ఆగిపోయే వంపు దగ్గరో, దానికి కొంచెం పైనో నిలవాలి. పాత పద్ధతిలో మొదటి గడి కోసం వోల్టేజీ దించినవారు, తమకు తెలియకుండానే, మసక కణాలను వలయపు రొదలో ముంచారు.

ఈ సంగతి ఒక్కసారిగా తెలియలేదు. వలయాలు డిజిటల్‌గా మారి, సున్నా కంటే తక్కువ విలువలు కూడా దాచకుండా చూపగలిగినప్పుడు అసలు బండారం బయటపడింది. రంగులేని కణాలు అక్షానికి అంటుకుని ఉండడం నిజానికి కొలబద్ద చేసిన మాయ అని తేలింది. 2006లో పార్క్స్, రోడరర్, మూర్ సున్నాకు రెండు వైపులా సాఫీగా సాగే కొత్త కొలబద్దను ప్రతిపాదించారు. అదే ఏడాది మేకర్, ట్రాటర్ వోల్టేజీ అమరికకు రొదనే ప్రమాణం చేసుకోవాలని వివరించారు. రంగులేని కణాల చెదురు వలయపు రొదకు కనీసం రెండున్నర రెట్లు ఉండాలన్న సూత్రం ప్రయోగశాలల్లో వాడుకలోకి వచ్చింది. అప్పుడు మొత్తం చెదురు వర్గంలో వలయం వాటా 16 శాతానికి మించదు. రెండున్నర వర్గంతో ఒకటిని భాగించి చూసుకోండి.

ఒకే వోల్టేజీ, రెండు ఊళ్ళు

ఢిల్లీలోని ఒక ప్రయోగశాలలో 520 వోల్టులతో చక్కని ఫలితం వచ్చిందని గుంటూరులో కూడా 520 పెడితే? ఫలితం కలవదు. ఒకే కర్మాగారంలో ఒకే రోజున తయారైన గొట్టాలకు కూడా ఒకే వోల్టేజీ వద్ద వర్ధనం ఒకటి కాదు. కొన్ని రెట్ల తేడా ఉండవచ్చు. వోల్టేజీ అంకెను అచ్చుగుద్దినట్టు నకలు చేయడం, పొరుగింటి కళ్ళజోడు పెట్టుకోవడం వంటిది. నకలు చేయవలసింది ఫలితాన్ని. ఇందుకోసం రంగు నింపిన సూక్ష్మమైన పాలీస్టైరీన్ పూసలు వాడతారు. రెండు ఊళ్ళలోనూ ఒకే రకం పూస తెరమీద ఒకే స్థానంలో పడేటట్టు ఎవరి వోల్టేజీ వారు సరిచేసుకోవాలి. 1990ల నడుమ వచ్చిన ఫ్యాక్స్‌కాలిబర్ యంత్రంలో కంప్యూటరే ఇలాంటి పూసలను చూసి వోల్టేజీలను అమర్చేది.

ఇది పండితుల చర్చలా అనిపిస్తే, మన దేశపు లెక్కలు చూడండి. 1981లో అమెరికాలో ఎయిడ్స్ వెలుగులోకి వచ్చింది. ఈ రోగుల రక్తంలో సీడీ4 గుర్తున్న సహాయక కణాలు తరిగిపోతున్నాయని చూపడంలో ఈ యంత్రానిదే ప్రధాన పాత్ర. మన దేశంలో మొదటి కేసులను 1986లో చెన్నైలో సునీతి సాల్మన్ బృందం గుర్తించింది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టినప్పుడు, వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు ఎవరికి ముందు? ఘన మిల్లీమీటరు రక్తంలో సీడీ4 కణాలు 200 కంటే తక్కువ ఉన్నవారికి. ఆ గీత తరువాత 350కి, ఆపైన 500కు జరిగింది. 2017 నుంచి వ్యాధి సోకినట్టు తేలిన ప్రతివారికీ మందు ఇస్తున్నారు. వ్యాధి ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి ఈ లెక్క ఇప్పటికీ కావాలి.

సహాయక కణాలు బాగానే మెరుస్తాయి. వాటిని గుర్తించడం కష్టం కాదు. చిక్కు మోనోసైట్లనే మరో రకం తెల్లకణాలతో. వాటి మీద కూడా సీడీ4 ఉంటుంది, కాని మసకగా. ఆ మసకకూ ఈ మెరుపుకూ మధ్య ఖాళీ స్పష్టంగా కనిపించాలి. సరిపడని వోల్టేజీలో మసకవి చెదిరి పక్క గుంపులోకి పొర్లితే, 190 ఉన్న మనిషి కాగితం మీద 210 కావచ్చు. 2004లో ఆ ఇరవై కణాల తేడా అంటే మందు చేతికి రావడానికీ, మళ్ళీ రమ్మనడానికీ ఉన్న తేడా. ఇందుకే సీడీ3 వంటి రెండవ గుర్తును కూడా జోడించి చూస్తారు. రెండు గుర్తులూ ఉంటేనే లెక్క. కోలార్ గనిలో రెండు పలకలూ మెరిస్తేనే లెక్క అన్నారు చూడండి, దానికి ఇది చుట్టమే.

లుకేమియాలో మసకకు ఇంకా విలువ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధకులు తయారుచేసిన అమినాప్టెరిన్‌తో 1948లో ఫార్బర్, పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కు నెట్టవచ్చునని చూపాడు. నేడు ఎందరో పిల్లలు పూర్తిగా కోలుకుంటున్నారు. చికిత్స మధ్యలో వైద్యుడు అడిగే ప్రశ్న: ఎముక మూలుగలో ఇంకా ఏమైనా మిగిలాయా? పదివేల కణాల్లో ఒక్కటి ఉన్నా ఫ్లో సైటోమీటర్ పట్టగలదు. అయితే మూలుగలో మామూలు పసి కణాలూ ఉంటాయి. సీడీ38 అనే గుర్తు ఆ పసి కణాల మీద ప్రకాశవంతంగా ఉంటే, క్యాన్సర్ కణాల మీద తరచు మసకగా ఉంటుంది. రెండింటినీ విడదీసేది ఆ మసకదనమే. ఒక పిల్లవాడికి మందు పెంచాలా, వద్దా అన్న నిర్ణయంలో ఆ గొట్టానికిచ్చిన వోల్టులకూ పాత్ర ఉంది.

ఇటీవల కొన్ని కొత్త యంత్రాల్లో ఈ గాజు గొట్టాల స్థానంలో సిలికాన్ డయోడ్లు వచ్చాయి. ఎరుపు వెలుగును అవి మరింత బాగా పట్టుకుంటాయి. వాటికీ ఒక వర్ధనం ఉంది, దానికీ ఒక మర ఉంది. గొట్టాలు మాత్రం ఇంకా చాలా ప్రయోగశాలల్లో ఉన్నాయి. వాటికి వయసు కూడా వస్తుంది. వాడేకొద్దీ డైనోడ్లు అలసి, అదే వోల్టేజీకి వర్ధనం మెల్లగా తగ్గుతుంది. అందుకే శ్రద్ధగల ప్రయోగశాలల్లో ప్రతి ఉదయం పూసలను నడిపి, అవి తమ స్థానంలో పడడానికి ఎన్ని వోల్టులు కావలసివచ్చాయో నమోదు చేస్తారు. నెలకు ఒకటి రెండు వోల్టులు పెరిగితే ఎవరూ కంగారుపడరు. ఒక ఉదయం నిన్నటికంటే నలభై వోల్టులు ఎక్కువ అడిగితే మాత్రం రోగుల నమూనాలను పక్కన పెట్టి, మర ముట్టుకోకుండా, ముందు లేసర్ బలం ఎంతుందో, కటకం మీద ఉప్పు మరక ఏమైనా పట్టిందేమో చూస్తారు.